కళ్ళజోడుతో ఎఫ్‌పీవీ: తక్కువ డబ్బుల్లో ఏ గాగుల్స్ కొనాలి

ఎఫ్‌పీవీ అంటే డ్రోన్ కెమెరా చూపించేదాన్ని కళ్ళకి పెట్టుకున్న గాగుల్స్‌లో చూస్తూ ఎగరేయడం. మీకు సైట్ ఉంది, పైగా సిలిండర్ పవర్ (ఒక దిక్కు గీతలు ఒకలా, ఇంకో దిక్కువి ఇంకోలా కనిపించే కంటికి వేసేది) కూడా ఉంది, పది పన్నెండు వేలకి మించి పెట్టలేరు అంటే నేను చెప్పేది ఒకటే. ఈచైన్ కంపెనీ ఈవీ800డీ గాగుల్స్ కొనుక్కోండి, కళ్ళజోడు పెట్టుకునే వాడండి. ఏడాదిన్నరగా నేను దాంతోనే ఎగరేస్తున్నాను. అయితే ఈ మాట చెప్పే స్థితికి రావడానికి ముందు ఇంకో జత గాగుల్స్ మీద డబ్బులు పోశాను, ఒక డ్రోన్ చెయ్యి (ప్రొపెల్లర్‌ని మోసే కాడ) విరిగింది, నెల రోజుల పాటు ఎగరేసిన ప్రతిసారీ తలనొప్పి వచ్చింది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఎవరూ ఆ దారిన వెళ్ళకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నా పవర్ చెప్తాను, ఎందుకంటే రాసేవాళ్ళ పవర్ ఎంతో తెలియకుండా "నాకు బాగానే కనిపిస్తోంది బ్రో" అనే రివ్యూ మనకి ఎందుకూ పనికిరాదు. కుడి కన్ను మైనస్ 3.25, సిలిండర్ మైనస్ 1.50, యాక్సిస్ (ఆ సిలిండర్‌ని ఏ కోణంలో పెట్టాలో చెప్పే అంకె) 180. ఎడమ కన్ను మైనస్ 2.75, సిలిండర్ మైనస్ 1.00, యాక్సిస్ అదే. కళ్ళజోడు తీసేస్తే గోడ మీద క్యాలెండర్‌లో తారీఖు కనపడదు, చేతిలో ఫోన్ మాత్రం శుభ్రంగా చదువుతాను.

సైట్ ఉన్నవాళ్ళు చాలామంది పొరపాటు పడేది ఆ ఫోన్ దగ్గరే, నేనూ అక్కడే పడ్డాను. గాగుల్స్‌లో తెర కంటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంటుంది కదా, దగ్గరివి నాకు మామూలుగానే కనిపిస్తాయి కదా, మరి లోపల కళ్ళజోడు ఎందుకు అనుకున్నాను. కానీ గాగుల్స్‌లో కన్ను చూసేది తెరని కాదు, మధ్యలో ఉన్న లెన్స్ చూపించే బొమ్మని. అంత దగ్గర పెట్టిన తెర ఎవరి కంటికీ ఆనదు, అందుకని ఆ లెన్స్ బొమ్మని ఎక్కడో దూరంగా ఉన్నట్టు వెనక్కి నెడుతుంది. మైనస్ 3 ఉన్నవాళ్ళకి కళ్ళజోడు లేకుండా స్పష్టంగా కనిపించేది 33 సెంటీమీటర్ల దాకానే. 100ని మీ పవర్‌తో భాగించండి, మీ దూరం సెంటీమీటర్లలో వచ్చేస్తుంది: మైనస్ 2కి 50, మైనస్ 4కి 25. బొమ్మ అంతకంటే దూరంగా పడితే మసకే. మైనస్ ఒకటీ, అంతకంటే తక్కువా ఉన్నవాళ్ళకి కొన్ని గాగుల్స్‌లో కళ్ళజోడు లేకుండానే సరిపోతుంది, అదీ బొమ్మ ఎంత దూరంలో పడుతుందన్న దాన్ని బట్టే. మీ స్నేహితుడికి సరిపోయింది మీకు సరిపోకపోవడానికి కారణం ఇది.

నేను మొదట కొన్నది సన్నగా ఉండే రకం, రెండు కళ్ళకీ రెండు చిన్న తెరలు ఉంటాయే, అది. సెకండ్ హ్యాండ్‌లో ఒకరి దగ్గర తీసుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే వస్తువులో లోపం లేదు, తర్వాత అవే గాగుల్స్ సైట్ లేని ఒక కుర్రాడికి అమ్మితే అతను హాయిగా వాడుకుంటున్నాడు. ఆ రకంలో కళ్ళజోడు పెట్టుకునే చోటే ఉండదు, కన్ను దాదాపు లెన్స్‌కి ఆనించి చూడాలి. బలవంతంగా కళ్ళజోడు మీద పెట్టుకుంటే కన్ను వెనక్కి వెళ్ళిపోయి బొమ్మ నాలుగు అంచులూ తెగిపోతాయి, మూలన ఉండే బ్యాటరీ ఓల్టేజ్ అంకె కనపడదు. కళ్ళజోడు బదులు లోపల దూర్చుకునే పవర్ లెన్సులు విడిగా అమ్ముతారు, మైనస్ 2, మైనస్ 4, మైనస్ 6 అని. నేను మైనస్ 4 వేసుకున్నాను. పెట్టుకోగానే బాగుందనిపించింది, తెర మీద అక్షరాలు చదవగలుగుతున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను.

తెనాలి దగ్గర మా ఊళ్ళో, జనవరిలో, కోత అయిపోయిన మాగాణిలో ఎగరేస్తున్నాను. 250 గ్రాముల లోపు, మూడంగుళాల ప్రొపెల్లర్ల చిన్న డ్రోన్. గట్టు మీద తాటిచెట్లు వరసగా ఉన్నాయి, వాటి మధ్య నుంచి దూరడం అప్పటికే నాకు అలవాటైంది. మొద్దులు చెక్కినట్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గట్టు దాటాక మా పెదనాన్న వాళ్ళ దొండ పందిరి. దానికి అడ్డంగా కట్టిన జీఐ తీగ ఉంటుందని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ చూసిందే, అయినా గాగుల్స్‌లో అక్కడ తీగ లేదు, సన్నటి పొగలాంటి చార తప్ప. పందిరి పై నుంచి వెళ్తున్నాననే అనుకున్నాను. టక్‌మని శబ్దం, తెర అంతా గింగిరాలు, తర్వాత నేల మీద దొండాకులు. ముందు చెయ్యి ఒకటి మొదలంటా విరిగింది.

నిలువుగా ఉన్న తాటిమొద్దు కనపడి, అడ్డంగా ఉన్న తీగ ఎందుకు కనపడలేదో ఆ రోజు అర్థం కాలేదు. మర్నాడు తెనాలిలో మేం ఎప్పుడూ వెళ్ళే కళ్ళజోళ్ళ షాపాయనకి చెప్పాను. ఆయన కాగితం మీద ప్లస్ గుర్తులా రెండు గీతలు గీసి, నా కళ్ళజోడు తీయించి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, గాగుల్స్‌లో వేసుకున్న ఆ మైనస్ 4 లెన్స్ బిళ్ళలో నుంచి చూడమన్నాడు. నిలువు గీత నల్లగా, పదునుగా ఉంది, అడ్డగీత రెండు మూడు గీతలుగా చెదిరిపోయింది. "సిలిండర్ ఉన్న కంటికి ఇంతే బాబూ, ఒక దిక్కున సరిపోతే ఇంకో దిక్కున సరిపోదు. నీ బిళ్ళల్లో సిలిండర్ లేదుగా" అన్నాడు. మసకగా ఉన్నదాన్ని సరిచేసుకోవాలని కన్ను లోపల కండరం ఊరికే పాట్లు పడుతూ ఉంటుంది, ఆ తలనొప్పి దానివల్లే అని కూడా ఆయనే చెప్పాడు.

అందుకే గాగుల్స్ మోడళ్ళు చూడకముందే మీ పవర్ చీటీ తీసి ఎదురుగా పెట్టుకోండి. ఎస్‌పీహెచ్ అని రాసింది మామూలు పవర్, సీవైఎల్ అని రాసింది సిలిండర్. సిలిండర్ గడి ఖాళీగా ఉన్నా, 0.50 లోపు ఉన్నా మీకు దారులు చాలా ఉన్నాయి. అది 0.75, 1.00 దాటిందంటే పవర్ సరిచేసుకోవడానికి డయల్ తిప్పుకునే గాగుల్స్ ఎంత ఖరీదు పెట్టి కొన్నా డయల్ ఒక్కటే మీ కంటిని పూర్తిగా సరిచేయలేదు. డ్రోన్లు చేసే డీజేఐ కంపెనీ గాగుల్స్ 2లో డయల్ ప్లస్ 2 నుంచి మైనస్ 8 దాకా తిరుగుతుంది, గాగుల్స్ 3లో ప్లస్ 2 నుంచి మైనస్ 6 దాకా. మంచి సదుపాయమే, కానీ అది ఎస్‌పీహెచ్ వరకే. సిలిండర్ కొద్దిగా ఉన్నవాళ్ళు ఒక లెక్క వేసుకోవచ్చు: సిలిండర్‌లో సగం తీసుకుని మామూలు పవర్‌కి కలపండి. నా కుడి కంటికి మైనస్ 3.25, దానికి 1.50లో సగం కలిపితే మైనస్ 4. డయల్ అక్కడ పెడితే ఉన్నంతలో మెరుగ్గా కనిపిస్తుంది. ఉన్నంతలోనే, నా మైనస్ 4 బిళ్ళ కథ ఇప్పుడే చదివారు కదా. పూర్తిగా సరిపోవాలంటే గాగుల్స్‌లో బిగించే చిన్న ఫ్రేముల్లో మీ సొంత పవర్ లెన్సులు, యాక్సిస్ తప్పకుండా, కోయించి వేయించుకోవాలి. లెన్స్ గుండ్రంగా ఉంటే లోపల తిరిగిపోయే ప్రమాదం ఉంది, తిరిగితే యాక్సిస్ పోయినట్టే, కాబట్టి పైవైపు చిన్న గుర్తు పెట్టించుకోండి.

ఇదంతా ఎందుకు, ఎలాగూ ముఖం మీద సరైన పవర్‌తో కళ్ళజోడు ఉంది, దాన్ని లోపల పట్టనిచ్చే గాగుల్స్ చాలు అనుకుంటే బాక్స్ రకం తీసుకోవాలి. ఒకే పెద్ద తెర, ముందు ఒక పెద్ద పల్చటి ఫ్రెనెల్ లెన్స్, చుట్టూ డబ్బా, ముఖానికి ఆనేచోట స్పాంజ్. చూడ్డానికి లావుగా ఉంటుంది. రెండు కళ్ళ మధ్య దూరం సరిచేసుకునే పని కూడా ఉండదు, సన్నరకంలో అది రెండు మూడు మిల్లీమీటర్లు తేడా పడినా బొమ్మ రెండుగా కనిపించి కళ్ళు లాగేస్తాయి.

ఈవీ800డీ ఆ రకమే. అయిదంగుళాల తెర, 800 బై 480. ఈ రోజుల్లో ఫోన్ తెరలతో పోలిస్తే తక్కువే, కానీ 5.8 గిగాహెర్ట్జ్ అనలాగ్ (పాత టీవీల పద్ధతి) కెమెరా పంపే బొమ్మ కూడా అంతంతమాత్రమే కాబట్టి తెర వల్ల పోయేది పెద్దగా లేదు. లోపల రెండు రిసీవర్లు ఉంటాయి, ఏ యాంటెనాకి సిగ్నల్ బాగుంటే దానికి మారిపోతుంది, ఒకటి నాలుగువైపులా పట్టేది, ఇంకోటి ఎదురుగా ఉన్నది దూరం దాకా పట్టే పలక లాంటిది. మెమరీ కార్డు వేస్తే రికార్డ్ చేస్తుంది, డ్రోన్ పొలంలో ఎక్కడో పడిపోయినప్పుడు చివరి పది సెకన్లు చూసుకుని వెతుక్కోవడానికి ఇంతకు మించిన సాయం లేదు. నాకు పార్శిల్ ఖర్చుతో కలిపి పది వేల మీద కొంచెం పడింది.

నాకు అన్నిటికంటే నచ్చింది, ముందున్న తెర భాగం డబ్బా నుంచి విడిగా ఊడి వస్తుంది. స్టాండ్‌కి బిగిస్తే మామూలు టీవీలా పనిచేస్తుంది. పవర్ మరీ ఎక్కువగా ఉండి ఏ గాగుల్సూ సరిపడని వాళ్ళు కూడా, ప్రోగ్రెసివ్ లెన్సులు (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ ఉండేవి) వాడేవాళ్ళు కూడా, నీడలో కూర్చుని దాన్ని చూస్తూ ఎగరేసుకోవచ్చు. మా అమ్మ నేను ఎగరేసేది చూస్తానంటే మొదట అలాగే చూపించాను, పొలం పైనుంచి ఊరి గుడి ధ్వజస్తంభం కనపడేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఇక కళ్ళజోడు పట్టడం సంగతి. పడుతుంది, కానీ ఏ ఫ్రేమ్ అయినా పడుతుందని అనుకోకండి. మీ కళ్ళజోడు చెవి కాడ లోపలివైపు చూడండి, 52, 18, 140 అన్నట్టు మూడు అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. నా ఆఫీసు కళ్ళజోడు 54, 18, మందంగా ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్. దాంతో గాగుల్స్ పెట్టుకుంటే రెండు పక్కలా స్పాంజ్‌ని తోసుకుంటూ వచ్చి అటూ ఇటూ వెలుతురు లోపలికి పడేది, ఎండలో ఆ వెలుతురుకి తెర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఇంట్లో పాత మెటల్ ఫ్రేమ్ ఒకటి ఉంది, 48, 20, కాడలు అగ్గిపుల్ల కంటే సన్నగా ఉంటాయి. దాన్ని షాపాయనకి ఇచ్చి ఇప్పటి పవర్ వేయమంటే 700 తీసుకున్నాడు. అది పెట్టుకుని గాగుల్స్ తగిలిస్తే ఎక్కడా తోపు లేదు, సందు లేదు. గాగుల్స్ బడ్జెట్‌లో ఈ ఏడెనిమిది వందలు ముందే పక్కన పెట్టుకోమని గట్టిగా చెప్తాను.

పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. పట్టీ తలకి తగిలించి డబ్బాని కిందికి లాగితే కళ్ళజోడు ముక్కు మీదికి జారి వంకరవుతుంది. ముందు డబ్బాని ఎదురు నుంచి ముఖానికి మెల్లగా ఆనించి, కళ్ళజోడు లోపల కుదిరాక, ఒక చేత్తో పట్టుకుని పట్టీ వెనక్కి వెయ్యండి. పట్టీ చెవుల మీదుగా కాకుండా చెవికి పైన వెళ్ళేలా చూసుకోండి, లేకపోతే కాడల్ని పుర్రెకి నొక్కేసి పావుగంటకే చెవి వెనక నొప్పి మొదలవుతుంది. నేను స్పాంజ్‌లో కాడలు వెళ్ళేచోట బ్లేడుతో రెండు చిన్న గాట్లు పెట్టాను, ఆ తర్వాత నొక్కుడూ లేదు, వెలుతురూ రావట్లేదు.

కళ్ళజోడు అద్దం ఆ ఫ్రెనెల్ లెన్స్‌కి తగలకూడదు. అది ప్లాస్టిక్, దాని మీద సన్నటి గాడులు ఉంటాయి, రాసుకుంటే రెండూ గీతలు పడతాయి, మన కోటింగ్ కూడా పోతుంది. పెట్టుకున్నాక తల అటూ ఇటూ ఊపి చూడండి, టిక్కుటిక్కుమంటే ముక్కు దగ్గర స్పాంజ్ ఇంకో పొర అంటించాలి. ఫ్రెనెల్‌ని స్పిరిట్‌తో, అద్దాలు తుడిచే ద్రవాలతో తుడవొద్దు, గాడుల్లో దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎండలో గాగుల్స్‌ని లెన్స్ ఆకాశం వైపు ఉండేలా వదిలేయొద్దు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే సూర్యుడు తెరని కాల్చేస్తాడు, రెండు నిమిషాలు చాలు, ఆ మచ్చ ఇక పోదు. బ్యాటరీ మార్చేటప్పుడు నేను వెంటనే గుడ్డ సంచిలో పెట్టేస్తాను.

ఆవిరి పట్టడం మన దగ్గర నిజమైన సమస్య. వేసవిలో చెమట, డిసెంబరు పొద్దున్న మంచు, రెండింటికీ కళ్ళజోడు మసకబారుతుంది, గాగుల్స్ లెన్స్ కూడా. కళ్ళజోడుని ఒక చుక్క షాంపూతో రుద్ది, కడిగి, తుడవకుండా ఆరనిస్తే అరగంట దాకా ఆవిరి పట్టదు. గాగుల్స్ పెట్టుకోగానే ఎగరెయ్యకుండా ఒక నిమిషం ఆగి లోపల వేడి సర్దుకోనిస్తే ఇంకా మంచిది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవు, కానీ మా పొలాల్లో లేచే దుమ్ముకి నాకు ధైర్యం చాలలేదు.

బరువు ముఖం ముందుకు లాగుతుంది, అది ఈ రకంలో తప్పదు, ఒక్కో బ్యాటరీకి నాలుగైదు నిమిషాలు ఎగరేసి తీసేసే మనకి అదేమంత ఇబ్బంది కాదు.

దీనికి రెండింతలకి పైగా పెట్టగలిగితే స్కైజోన్ కోబ్రా ఎక్స్ చూడండి. ఇదీ బాక్స్ రకమే, కళ్ళజోడుతో వాడొచ్చు, తెర 1280 బై 720. బొమ్మ ఈవీ800డీ అంత పెద్దగా అనిపించదు, కోణం 50 డిగ్రీలే, అయితే అందువల్ల మూలల్లో ఉన్న అంకెల కోసం కళ్ళు తిప్పుకోనక్కర్లేదు. రిసీవర్ ఇంకా బాగుంటుంది, చెట్ల వెనక్కి వెళ్ళినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. స్నేహితుడిది రెండు పూటలు వాడాను. డబ్బుంటే నేను దానికే వెళ్తాను. లేదని అప్పు చేయడం మాత్రం వద్దు.

డిజిటల్ కావాలనుకునేవాళ్ళకి డీజేఐ గాగుల్స్ ఎన్3 ఉంది. 2024 నవంబరులో 229 డాలర్లకి వచ్చింది, 1080పీ తెర, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకునే చేశారు. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడికి మైనస్ 5, దాన్ని డీజేఐ వాళ్ళదే నియో డ్రోన్‌తో వాడుతున్నాడు, కళ్ళజోడు తీయాల్సిన పనే లేదంటాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి నేను కూడా అదే చెప్తాను, పక్కన ఒక మనిషి కంటితో డ్రోన్‌ని చూస్తూ ఉండాలన్న అక్కడి నియమం మర్చిపోకుండా. కానీ అది అనలాగ్ సిగ్నల్ పట్టదు, డీజేఐ వాటితోనే పనిచేస్తుంది, ఇండియాలోకి తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే ఆపేశారు, విడిభాగాలకి మాత్రం వీలుంది. అందుకే ఇక్కడ మనలో ఎక్కువమంది భాగాలు కొనుక్కుని సొంతంగా బిగించుకుంటున్నాం, ఆ దారిలో అందరికంటే చవక అనలాగే. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) ఉందో లేదో చూసుకోకుండా ఎగరెయ్యొద్దు.

చత్వారం ఉన్నవాళ్ళ లెక్క పూర్తిగా వేరు. మా బావకి 47, దూరం చూపు బ్రహ్మాండం, ఫోన్ చూడాలంటే జేబులోంచి కళ్ళజోడు తీయాలి. గాగుల్స్‌కి కూడా అది కావాలేమో అని తటపటాయిస్తుంటే "ఊరికే పెట్టుకుని చూడు బావా" అన్నాను. బొమ్మ దూరంగా పడుతుంది కాబట్టి ఆయనకి ఏ కళ్ళజోడూ లేకుండానే ఓల్టేజ్ అంకెతో సహా అంతా కనిపించింది. కొంచెం లాగుతున్నట్టు ఉంటే ప్లస్ 1 చాలు. ఆయనకి ఇబ్బంది గాగుల్స్ తీశాకే, బ్యాటరీ పిన్నులు గుచ్చేటప్పుడు ఎరుపు వైరు ఏదో నలుపు ఏదో ఆనక, మెడలో తాడు కట్టుకుని కళ్ళజోడు వేలాడేసుకుంటున్నాడు.

కొనేచోట ఒక్కటి అడగండి, పెట్టుకుని చూసి కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అని. నేను అడిగిన మూడు చోట్లలో రెండు చోట్ల ప్యాకింగ్ విప్పితే తీసుకోం అన్నారు, మూడోవాళ్ళు స్పాంజ్ మీద ప్లాస్టిక్ కవరు తీయకుండా చూసుకుంటే వారం లోపల తీసుకుంటామన్నారు, అక్కడే కొన్నాను. డబ్బా రాగానే చార్జింగ్ కూడా పెట్టకముందే కళ్ళజోడుతో ముఖానికి పెట్టుకుని, పది నిమిషాలు ఊరికే ఇంట్లో కూర్చున్నాను. ముక్కు మీద, చెవుల వెనక ఎక్కడా నొప్పి రాలేదు, అప్పుడు కవరు చింపాను.